బాపయ్యగారి సందు

వేములపేటని ఊరనాలో పట్టణమనాలో అక్కడి వాళ్లకే తేలదు. బోర్డు మీద నగర పంచాయతీ అని ఘనంగా రాసుకున్నారు గానీ, ఈ చివర తుమ్మితే ఆ చివర చిరాయుష్షు అంటారు. చీమకుర్తి నుంచి దర్శి వైపు పోయే రోడ్డుని ఆనుకుని, పత్తి చేలకీ మిరప చేలకీ నడుమ ఉంటుంది. బజారు, చర్చి, రామాలయం, హైస్కూలు, ఆసుపత్రి, బస్టాండు అన్నీ ఒకచోటే. టిఫిను తిని చెయ్యి కడుక్కుని నడక మొదలుపెడితే, చెయ్యి ఆరేలోగా ఎక్కడికి కావాలంటే అక్కడికి చేరతారు. ఆ ఊళ్లో మోటారుసైకిలు కొన్నవాడు డాబుకి కొన్నట్టే లెక్క.

ఇదంతా ఊరి సంగతి. పల్లె సంగతి వేరు. క్రైస్తవుల పల్లె ఊరికి ఉత్తరాన విసిరేసినట్టు ఉంటుంది. రెంటికీ మధ్య ఊరి మోతుబరి బాపయ్యగారి దొడ్డి. ఒకప్పుడు పొగాకు కాల్చిన బ్యారన్లు నాలుగు, ఇప్పుడు మిరపకాయలు ఆరబోసుకునే కళ్లం, వాటి చుట్టూ గోడ. ఆ గోడ పక్క నుంచి మనిషీ మనిషీ ఎదురైతే ఒత్తిగిల్లి దారి ఇచ్చుకోవాల్సినంత సందు. ఆ సందులో పడితే పల్లె నుంచి బజారుకి ఐదు నిమిషాలు. సందు లేదనుకుంటే పొలాల చుట్టూ తిరిగి, లారీల రోడ్డెక్కి, రెండు కిలోమీటర్లు రావాలి. ఆ రోడ్డు మీద చీమకుర్తి గ్రానైటు లారీలు ఒక్కొక్కటీ గదంత బండని వీపున వేసుకుని పోతుంటాయి. నడిచేవాళ్లకి పక్కన జానెడు చోటుండదు. లారీ వస్తే ముళ్లకంపలోకి దిగి నిలబడాలి.

సందు ఎవరిదో కాయితాల్లో ఎక్కడా లేదు. బాపయ్యగారి తాత ఆ దొడ్డి కట్టకముందు నుంచే పల్లె జనం అక్కడ నడుస్తున్నారు. గోడ బాపయ్యగారిది కాబట్టి సందుకీ ఆయన పేరే తగిలించారు. మన దగ్గర అంతే, కాళ్లు ఎవరివైనా పేరు గోడ ఉన్నవాడిది.

ఆ సందులో రెబ్కా నడిచినన్ని సార్లు మరెవరూ నడిచి ఉండరు. ఆమె చర్చి సంఘంలో బైబిలు ఉమన్, అంటే ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, సంచిలో బైబిలూ చిన్న నూనె సీసా పెట్టుకుని బయల్దేరుతుంది. జబ్బుపడ్డవాళ్ల ఇంటికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, ప్రార్థన చేసి, దీవెన చెప్పి లేస్తుంది. క్రైస్తవుల ఇళ్లే కాదు, పిల్లాడికి జ్వరం దిగకపోతే కోమట్ల ఇంటి నుంచీ కబురొస్తుంది. మోకాళ్ల నొప్పులకి బజారులో జైనాబీ కూడా పిలిపించుకుంటుంది. "నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు, కాస్త నూనె మాత్రం గట్టిగా రాయవే" అంటుంది జైనాబీ. అరవై ఒకటో ఏట కూడా రెబ్కా పూటకి పది ఇళ్లు తిరుగుతుందంటే ఆ సందు చలవే. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ముప్పై ఏళ్లు నెగ్గుకొచ్చింది.

ఫిబ్రవరిలో గుంటూరు నుంచి అనిల్ కుమార్ అనే కుర్రవాడు దిగాడు. చేస్తున్న ఉద్యోగం మానేసి, నడిచి చూడదగ్గ చిన్న ఊళ్లన్నీ తిరుగుతూ వీడియోలు తీసి ఫోనుల్లో పెడుతున్నాడట. ఊరంతా తెలిసిన మనిషి ఒకరు కావాలని పాస్టరుగారిని అడిగితే, ఆయన రెబ్కాని చూపించాడు.

రెబ్కా మురిసిపోయింది. మురిసిపోదా మరి! తను రోజూ చూసేదాన్ని చూడాలని ఇంత దూరం వచ్చిన మనిషి ఆమెకి ఇంతవరకూ తగల్లేదు. ఆ పూట రోగుల్ని కూడా పక్కన పెట్టి అతన్ని ఊరంతా తిప్పింది. చర్చి గంట కింద నిలబెట్టింది. పూల సందులో మల్లెమొగ్గలు కట్టేవాళ్లతో మాట్లాడించింది. అష్రఫ్ హోటల్లో టీ తాగించింది. కుర్రవాడు అడుగడుక్కీ "ఎంత బాగుందమ్మా, మీ ఊళ్లో కారక్కర్లేదు, బస్సక్కర్లేదు, కాళ్లుంటే చాలు" అంటూ ఉంటే, ఊరంతా తనే కట్టించినట్టు నవ్వుకుంది.

చివరికి సందు దగ్గరికి తీసుకొచ్చింది. అప్పుడే ఎవరో నీళ్లు చల్లి వెళ్లారు. నేల మీద గ్రానైటు ముక్కలు తళతళలాడుతున్నాయి. నల్లవి, బూడిదరంగువి, గులాబీవి, ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ పోలిక లేదు, కానీ ఎవరో కూర్చుని తీరిగ్గా అమర్చినట్టు అంచుకి అంచు అతికి ఉన్నాయి. గోడ మీద నుంచి కళ్లంలోని మిరపకాయల ఎరుపు కనిపిస్తోంది. అనిల్ కుమార్ ఫోనుని కర్రకి తగిలించి, "అబ్బ! దీన్ని ఇంత అందంగా ఎవరు వేయించారమ్మా?" అని అడిగాడు.

వేసింది బాలస్వామి. రెబ్కా మొగుడు. చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్‌లో పనిచేసేవాడు. అంతకుముందు ఆ సందు నల్లరేగడి. వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి దాకా దిగబడుతూ రావాల్సిందే. యజమాని పారేసే పనికిరాని ముక్కల్ని అడిగి తెచ్చి, ఆదివారం ఆరాధన అయిపోగానే గుడ్డలు మార్చుకుని, రెండు ఎండాకాలాలు ఒక్కడే కూర్చుని పరిచాడు. ఆ తర్వాత ఆరేళ్లకి రాతి దుమ్ము ఊపిరికి అడ్డం పడి పోయాడు.

ఈ మాట రెబ్కా గొంతు దాకా వచ్చింది. వచ్చింది గానీ, నాలుగడుగుల అవతల తన గేటు ముందు కుర్చీ వేసుకుని బాపయ్య కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ల పెద్దమనిషి. ఈ వైపే చూస్తున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ రెబ్కా నేర్చుకున్నదొకటే. నేను చేశాను, మావాళ్లు చేశారు అనకూడదు. అలా అంటే గర్వం. చేసిన మంచిని ఇంకొకరి ఖాతాలో వేసి, తను తలొంచుకుని కూర్చోవాలి. నలభై ఏళ్ల అలవాటు ఒక్క క్షణంలో ఎక్కడికి పోతుంది?

"అంతా బాపయ్యగారి దయ బాబూ," అంది రెబ్కా ఫోనులోకి చూస్తూ. "వారి స్థలంలో మా పల్లెవాళ్లని నడవనిస్తున్నారు. వారు వద్దంటే మాకు దారేది? వారి పుణ్యాన మా పిల్లలు బడికెళ్తున్నారు. దేవుడు వారినీ, వారి బిడ్డల్నీ చల్లగా చూడాలి."

బాపయ్య మీసం కింద నవ్వుకుని చెయ్యెత్తాడు. అది కూడా వీడియోలో పడింది.

ఇంటికి నడుస్తుంటే రెబ్కాకి కాస్త కలుక్కుమంది. పోన్లే, ఆయనున్నా ఇదే మాట అనేవాడు అనుకుంది. అది నిజమే. బాలస్వామి కూడా ఆ మాటే అనేవాడు. ఆ ఇద్దరికీ పెళ్లి కుదిర్చినవాళ్లు ఎవరో గానీ బాగా చూసే కుదిర్చారు.

వీడియో బయటికొచ్చాక వారం తిరక్కముందే జనం ఎగబడ్డారు. ఆదివారాలు ఒంగోలు నుంచీ గుంటూరు నుంచీ కార్లేసుకుని నడవడానికి వచ్చారు. నడవడానికి కారెందుకో దేవుడికే తెలియాలి. సందులో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పల్లెలో మాస్టరు ప్రకాష్ భార్య జాస్మిన్ ఫోను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "మా రెబ్కత్తని చూడండే" అని చూపించింది. వీడియో కింద వందలకొద్దీ మాటలు రాశారు. వాటిలో ఎక్కువమంది అడిగింది ఒకటే, అక్కడ ఇల్లు దొరుకుతుందా అని.

ఆ ప్రశ్నలు రెబ్కా చదవలేదు. బాపయ్యగారి అబ్బాయి బాలు చదివాడు. ఒంగోల్లో స్థలాల వ్యాపారం చేసే మనిషి, చదవకుండా ఉంటాడా? ఏప్రిల్లో కొలతలవాళ్లు వచ్చారు. మేలో బ్యారన్లు పడగొట్టారు. జూన్‌లో, బళ్లు తెరవడానికి రెండు రోజుల ముందు, సందుకి రెండు చివర్లా ఇనుప గేట్లు పెట్టి తాళాలేశారు. ఊరి వైపు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. "కారు అక్కర్లేని జీవితం. బడి, గుడి, బజారు అన్నీ ఐదు నిమిషాల నడకలో." దాని మీద, రంగురాళ్ల సందులో తెల్లచీరతో నడుస్తున్న రెబ్కా ఫోటో.

రెబ్కా పరుగున బాపయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నాదేముంది రెబ్కా, పిల్లల రోజులివి. కొత్తగా ఇళ్లు కొనుక్కునేవాళ్లు ఊరందరూ తిరిగే దారంటే ఒప్పుకోరంట," అన్నాడు. రెబ్కా వస్తానండి అని వచ్చేసింది.

పల్లె గొల్లుమంది. బడి పిల్లలు లారీల రోడ్డున పడ్డారు. పింఛనుకి వెళ్లే ముసలాళ్లు మానుకున్నారు. ఊళ్లో బళ్లో పాఠాలు చెప్పే ప్రకాష్ సంఘంలో పెద్ద కూడా. అతను పల్లె అందరి చేతా సంతకాలు పెట్టించి మండలాఫీసులో అర్జీ ఇచ్చాడు. తాతల నాటి నుంచి మేం హక్కుగా నడుస్తున్న దారి ఇది, తెరిపించండి అని. ఒంగోలు లాయరుని కూడా అడిగొచ్చాడు. ఎవరి అనుమతీ లేకుండా ఇన్నేళ్లు నడిచారని తేలితే దారి మీదే, వాళ్ల దయ మీద నడిచారని తేలితే మీకేమీ లేదు అని లాయరు చెప్పాడట. ఆ మాట వినగానే రెబ్కాకి వీడియోలో తనన్నది గుర్తొచ్చింది.

విచారణ రోజు పల్లె సగం మండలాఫీసు వరండాలోనే ఉంది. లోపలికి వెళ్లేముందు ప్రకాష్ రెబ్కాని పక్కకి లాగాడు.

"అత్తా, ఆ వీడియో వాళ్ల దగ్గరుంది. చూపిస్తారు. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. బాపయ్యగారు ఎదురుగా కూర్చున్నాడు, భయపడి అలా అన్నానని చెప్పు."

"భయపడలేదు కదరా నేను."

"భయపడకపోతే ఎందుకన్నావ్ మరి?"

"మర్యాదకన్నాను."

"మన పల్లెలో ఆ రెండూ ఎప్పుడన్నా వేరుగా ఉన్నాయా అత్తా?" అన్నాడు ప్రకాష్.

రెబ్కా ఆలోచనలో పడింది. బాపయ్య ఎదురైతే తను పక్కకి ఒదిగేది. ఆయన ఇంట్లో కుర్చీ ఉన్నా గడప దగ్గరే కూర్చునేది. అది భయమా, మర్యాదా? అరవై ఏళ్లలో ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. చూసుకునే అవసరం రాలేదు. ఇప్పుడు చూసుకుందామంటే లోపలి నుంచి పేరు పిలిచారు.

తహసీల్దారు నలభై ఏళ్ల ఆవిడ. కసురుకునే మనిషి కాదు. ఎడమ పక్క బాలు, అతని లాయరు. వాళ్ల పక్కన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని బాపయ్య. వీడియో వేశారు. గదిలో రెబ్కా గొంతు గట్టిగా వినపడింది. వారు వద్దంటే మాకు దారేది? ఫోటోలూ, పొగడ్తలూ అన్నీ పోయి, ఆ గదిలో ఆ మాట ఒక్కటే నిలబడింది.

"ఇది మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"ఈ మాట మీతో ఎవరైనా బలవంతంగా చెప్పించారా? మిమ్మల్ని ఎవరైనా భయపెట్టారా?"

ప్రకాష్ కళ్లు తన వీపుని పొడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. అవునండీ అంటే చాలు. ఒక్క ముక్క. రెబ్కా తలెత్తింది. ఎదురుగా బాపయ్య చూస్తున్నాడు. కోపంగా కూడా కాదు, ఎప్పటిలాగే. ఆ చూపు పడగానే ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయ్యో, లేదండి. వారు చాలా మంచివారు."

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు. వెనకాల ఎవరో నిట్టూర్చారు. తహసీల్దారు రాసుకుంది. "అది కాదమ్మా, ఆ రాళ్లు మా ఆయన పరిచాడు. రెండు ఎండాకాలాలు. నేను ఊరికే మర్యాదకి అన్నాను," అని రెబ్కా గబగబా అంది.

"చూసినవాళ్లు ఉన్నారా?" అన్నాడు బాలు లాయరు.

"పల్లె అంతా చూసింది."

"పల్లె అంతా అర్జీదార్లే. వేరే ఎవరన్నా?"

తహసీల్దారు బాపయ్య వైపు తిరిగింది. ఆయన కర్ర అటునుంచి ఇటు మార్చుకుని, "ఎప్పటి మాటో. నాకు గుర్తు లేదమ్మా," అన్నాడు. ఇరవై ఏళ్ల క్రితం అమ్మిన పొగాకు రకం, రేటు అప్పగించి చెప్పగల మనిషి ఆయన.

"మీరు మర్యాదకే అన్నారని నాకూ అనిపిస్తోందమ్మా," అంది తహసీల్దారు కాయితం మడుస్తూ. "కానీ మర్యాదకి అన్నారు అని రాయడానికి ఇందులో గడి లేదు. కావాలంటే కోర్టుకెళ్లండి."

కోర్టుకెళ్లినా చూపించేది ఆ వీడియోనే. ఆ సంగతి అందరికీ తెలుసు.

పల్లెలో రెబ్కాని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. వందనాలమ్మా అని పలకరించే నోళ్లు మాత్రం తగ్గాయి. ఆదివారం చర్చిలో ఆమె పక్కన చోటు ఖాళీగా ఉండటం మొదలైంది. ఒకరోజు జాస్మిన్ పిల్లల్ని లారీల రోడ్డు దాటించి, దుమ్ము కొట్టుకుపోయి వస్తూ ఎదురైంది. రెబ్కా ఆపి, "నా మీద కోపమేనా జాస్మినూ?" అని అడిగింది.

"నీ మీద కోపమెందుకత్తా. నీ నోరు మంచిదే. మా కాళ్లే పాపం చేసుకున్నాయి," అని ఆగకుండా వెళ్లిపోయింది జాస్మిన్.

రెబ్కా తిరగడం మానలేదు. పది ఇళ్ల చోట నాలుగిళ్లయ్యాయి. లారీ వచ్చినప్పుడల్లా కంపలోకి దిగి నిలబడేది. చీర అంచులు చిరిగాయి, మోకాళ్లు వాచాయి. ఆగస్టులో ఒకనాడు బాపయ్యగారి ఇంటి నుంచి కబురొచ్చింది. వాళ్లావిడ శివపార్వతికి నడుం పట్టేసింది, వచ్చి ప్రార్థన చేసి వెళ్లమని. వెళ్లనని చెప్పడం రెబ్కాకి చేతకాలేదు. జబ్బు మనిషి పిలిస్తే ఎవరని చూడకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఒకప్పుడు నాలుగు నిమిషాల్లో వెళ్లిన ఇంటికి, ఎండలో చుట్టూ తిరిగి ముప్పావుగంటలో చేరింది.

శివపార్వతి మంచం మీద పడుకుని ఉంది. రెబ్కా గడప దగ్గర కూర్చోబోతే లోపలికి రమ్మంది. నడుముకి నూనె రాసి, కళ్లు మూసుకుని, రెబ్కా ప్రార్థన చేసింది. మనసులో ఏముందో గానీ మాటలు మాత్రం తడబడలేదు. ఆమేన్ అనగానే శివపార్వతి దిండు కింద చెయ్యి పెట్టి, సందు గేట్ల తాళంచెవి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"చూడు, ఎట్లా రొప్పుతున్నావో. నీకు అడ్డమేంటి రెబ్కా? బాలుతో నేనే గట్టిగా చెప్పి తీసుకున్నాను. నువ్వొక్కదానివీ వస్తా పోతా ఉండు. మిగతావాళ్లతో అనబాక."

తాళంచెవి చల్లగా ఉంది. రెబ్కా మోకాళ్లు ఆశపడ్డాయి. రేపటి నుంచి పది ఇళ్లూ తిరగొచ్చు. ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"అమ్మగారూ, ఆ రాళ్లు మా ఆయన పరిచాడు."

"తెలియకేం?" అంది శివపార్వతి తేలిగ్గా. "ఎర్రటెండలో గొంతుక్కూర్చుని పరుస్తుంటే నేనే కదా మజ్జిగ పంపించేదాన్ని. నీకేమొస్తుంది బాలస్వామీ అంటే, పిల్లలు బురద కాళ్లతో బడికి పోతున్నారమ్మా అనేవాడు. మంచి పనిమంతుడు."

ఆఫీసులో చూసినవాళ్లున్నారా అని అడిగిన మాట రెబ్కా చెవుల్లో గింగురుమంది. చూసిన మనిషి ఇక్కడ, ఈ మంచం మీద ఉంది.

"మరి ఆ రోజు ఆఫీసుకొచ్చి ఈ ఒక్క మాట చెప్పలేకపోయారా అమ్మగారూ?"

శివపార్వతికి కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఇదేం మాట రెబ్కా? నీ మొగుడు చేసిన పని నువ్వే చెప్పుకోలేదు. లోకమంతా చూసేట్టు మావాళ్ల పేరే చెప్పావు. నువ్వు దాచుకున్నదాన్ని నేనొచ్చి బయటపెట్టాలా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో రెబ్కా వెతికింది, దొరకలేదు. దొరక్కపోవడమే ఆమెని కోసేసింది. తాళంచెవిని మంచం పట్టె మీద పెట్టింది. నూనె సీసాకి మూత బిగించి, సంచి భుజానికి తగిలించుకుని, గోడ పట్టుకుని లేచింది. చెప్పులేసుకుని, ముందు గేటులోంచి లారీల రోడ్డు వైపు నడిచింది.

ఒక ఇంటి నుంచి దీవెన చెప్పకుండా లేచిరావడం ఈ ముప్పై ఏళ్లలో ఆమెకి అదే మొదటిసారి. శివపార్వతి అది గమనించలేదు.